నిఘంటుకారుడు జాన్సన్

ఆంగ్ల పదానికి అర్థం తెలియనప్పుడు మనం నిఘంటువు తెరుస్తాం. పదం, దాని వ్యుత్పత్తి, అంకెలు వేసి విడదీసిన అర్థాలు, ఆ అర్థాలను చూపే ఉదాహరణ వాక్యాలు వరుసగా కనిపిస్తాయి. నిఘంటువు అంటే ఇలాగే ఉండాలి కదా అనిపిస్తుంది. కాని పద్దెనిమిదవ శతాబ్ది మధ్యభాగం వరకు ఈ లక్షణాలన్నీ నిండుగా కలిగిన నిఘంటువు ఆంగ్లభాషకు లేదు. పిల్లి అనే పదానికి అది అందరూ ఎరిగిన జంతువే అని వ్రాసి ఊరుకొన్న నిఘంటుకారులు కూడా ఉన్నారు. అందరూ ఎరిగిన మాటకు అర్థం చెప్పడమే అన్నిటికంటె కష్టమని గుర్తించి, ఆ కష్టాన్ని తలకెత్తుకొన్నవాడు శామ్యూల్ జాన్సన్.

జాన్సన్ 1709 సెప్టెంబరు 18న ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మైకేల్ పుస్తకాల వ్యాపారి. పసితనంలోనే గండమాల వ్యాధి సోకి ముఖంపై మచ్చలు మిగిలాయి. ఒక కంటి చూపు దాదాపు పోయింది. రాజవంశీయుల చేతిస్పర్శతో ఆ వ్యాధి నయమవుతుందని నాటి ప్రజల నమ్మకం. తల్లి ఆ బిడ్డను లండనుకు తీసుకువెళ్లి ఆన్ రాణి చేత తాకించింది. వ్యాధి తగ్గలేదు. పెరిగిన కొద్దీ తల ఊగడం, చేతులు అదరడం వంటి అసంకల్పిత చేష్టలు కూడా తోడయ్యాయి. చూసినవారు నవ్వేవారు. ఆ బాలునికి తండ్రి అంగడిలోని గ్రంథాలే ఆశ్రయమయ్యాయి. చేతికందిన పుస్తకమల్లా చదివాడు.

1728లో ఆక్స్‌ఫర్డులోని పెంబ్రోక్ కళాశాలలో చేరాడు. చదువులో అందరికంటె మిన్న. చేతిలో మాత్రం చిల్లిగవ్వ లేదు. చినిగిన చెప్పులలోనుండి కాలివేళ్లు కనిపించేవి. జాలిపడిన వారెవరో ఒక కొత్త జతను ఆయన గది వాకిట పెట్టిపోగా, అభిమానధనుడైన జాన్సన్ దానిని విసిరివేశాడు. పదమూడు నెలలకే రుసుము కట్టలేక, పట్టా లేకుండానే ఇంటిముఖం పట్టాడు. 1731లో తండ్రి మరణించాడు. 1735లో తనకంటె ఇరవై ఏళ్లు పెద్దదైన ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమె సొమ్ముతో పాఠశాల పెట్టాడు గాని విద్యార్థులు చాలినంతమంది రాలేదు. 1737లో, ఆ కొద్దిమంది విద్యార్థులలో ఒకడైన డేవిడ్ గారిక్‌ను వెంటబెట్టుకొని లండను చేరాడు. గారిక్ తరువాత గొప్ప నటుడయ్యాడు. జాన్సన్‌కు మాత్రం పత్రికలకు వ్యాసాలు వ్రాసి పొట్టపోసుకోవడంతోనే ఏళ్లు గడిచాయి.

1746లో కొందరు పుస్తక ప్రచురణకర్తలు కలసి ఒక ఆంగ్ల నిఘంటువును నిర్మించవలసిందిగా ఆయనను కోరారు. ప్రతిఫలం 1,575 పౌనులు. సహాయకుల జీతాలు కూడా అందులో నుండే చెల్లించాలి. మూడేళ్లలో ముగిస్తానని జాన్సన్ మాట ఇచ్చాడు. ఫ్రాన్సులో నలభైమంది సభ్యులున్న అకాడమీకి ఇటువంటి పనికే దశాబ్దాలు పట్టిందని మిత్రుడొకరు గుర్తుచేయగా, ఫ్రెంచివారికి, ఆంగ్లేయునికి ఉన్న నిష్పత్తి అంతేనని నవ్వుతూ లెక్కకట్టాడట. చివరికి ఆ పనికి తొమ్మిదేళ్లు పట్టింది.

లండనులోని గఫ్ స్క్వేర్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, దాని పైకప్పు కిందనున్న గదిని కార్యశాలగా మార్చాడు. ఆరుగురు లేఖకులను నియమించుకొన్నాడు. పని సాగిన తీరు ఇది. జాన్సన్ షేక్‌స్పియర్, మిల్టన్, డ్రైడన్, బేకన్ మొదలైనవారి గ్రంథాలను చదువుతూ, తనకు కావలసిన పదం కింద పెన్సిలుతో గీత గీసేవాడు. ఆ పదపు మొదటి అక్షరాన్ని పుట అంచున వ్రాసేవాడు. లేఖకులు ఆ వాక్యాన్ని ఎత్తి చీటీపై వ్రాసి, అక్షరక్రమంలో చేర్చేవారు. ఎరువు తెచ్చిన పుస్తకాలు కూడా గీతల పాలై తిరిగి వెళ్లేవి. ఆ సంగతి తెలిశాక కొందరు మిత్రులు పుస్తకాలు ఇవ్వడానికి వెనుకాడారంటే వారిని తప్పుపట్టలేము. మొదట అనుసరించిన పద్ధతి కొంత దూరం సాగాక సరిపడక, చేసిన పనిలో చాలా భాగాన్ని మళ్లీ తిరగతోడవలసి వచ్చింది.

జాన్సన్ తనకు తోచిన అర్థాన్ని వ్రాసి, దానికి తగిన ఉదాహరణను వెదకలేదు. ముందు మహారచయితల వాక్యాలను పోగుచేసుకొని, ఏ సందర్భంలో ఏ అర్థం పలుకుతున్నదో వాటి నుండే తేల్చుకొన్నాడు. పదానికి మొదట పుట్టిన అర్థాన్ని ముందు, దాని నుండి విస్తరించిన అర్థాలను, లాక్షణికార్థాలను తరువాత అమర్చాడు. చేరుకొనుట అనే అర్థంలో మనం వాడే ‘అరైవ్’ అనే క్రియకు ఆయన ఇచ్చిన తొలి అర్థం నీటిమార్గాన ఒక చోటికి చేరుట. ఒడ్డుకు చేరడమనే ఆ మూలార్థం తెలిసినవాడు ఆ పదాన్ని మరచిపోలేడు. ఇక ‘టేక్’ అనే చిన్న క్రియకు ఆయన 134 అర్థచ్ఛాయలు చూపాడు. ఇది విని ఆశ్చర్యపడే ముందు మన ‘పట్టు’ సంగతి చూడండి. దొంగను పడతాం, ఇనుముకు తుప్పు పడుతుంది, పనికి నెల పడుతుంది, పిల్లవాడికి నిద్ర పడుతుంది. ఇక్కడ మాట ఒక్కటే, పలికే అర్థం వేరు. ఇటువంటి చిన్న పదాలే నిఘంటుకారుని నిజంగా పరీక్షిస్తాయి.

పని సగంలో ఉండగా 1752లో భార్య మరణించింది. జాన్సన్ ఆ దుఃఖం నుండి కోలుకోవడం కష్టమైంది. ఇల్లు నిండా చీటీలు, మనసు నిండా శూన్యం. గడువు ఏనాడో దాటిపోయింది. ప్రచురణకర్తల ఓర్పు తరిగిపోయింది. ఆరంభంలో ఈ ప్రణాళికను చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు నివేదించగా, ఆయన పది పౌనులు ఇచ్చి ఆ తరువాత పట్టించుకోలేదు. గ్రంథం పూర్తికావచ్చిందని తెలిశాక మాత్రం 1754 చివర దానిని పొగడుతూ పత్రికలో రెండు వ్యాసాలు ప్రకటించాడు. 1755 ఫిబ్రవరిలో జాన్సన్ ఆయనకొక లేఖ వ్రాశాడు. మునిగిపోతున్నప్పుడు చూస్తూ నిలబడి, ఒడ్డు చేరాక అందించే చేయూత తనకు అక్కరలేదన్నది దాని సారాంశం. గ్రంథాన్ని ప్రభువులకు అంకితమిచ్చి బ్రతికే రోజులవి. ఆ రోజుల్లో ఒక పేద రచయిత ఇలా వ్రాయడం సాహసమే. చెస్టర్‌ఫీల్డ్ ఆ లేఖను తన బల్లపై పెట్టి వచ్చినవారికి చూపించాడట. అదీ ఒక పెద్దమనిషి తరహా కాబోలు.

1755 ఏప్రిల్ 15న నిఘంటువు రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. అందులో 42 వేలకు పైగా పదాలు, లక్షకు మించిన ఉదాహరణలు ఉన్నాయి. దానికి కొద్దికాలం ముందే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, తాను నాడు ఇవ్వలేని పట్టాను ఎం.ఏ. రూపంలో ఇచ్చి గౌరవించింది. గ్రంథంలో లోపాలు లేకపోలేదు. వ్యుత్పత్తులు చెప్పడంలో జాన్సన్ బలహీనుడు. గుర్రపు కాలిలో ఒక భాగాన్ని తెలిపే పదానికి మోకాలు అని తప్పు అర్థం వ్రాశాడు. ఎందుకలా వ్రాశారని ఒక స్త్రీ అడిగితే, కేవలం తెలియకనే అని ఒప్పుకొన్నాడు. అక్కడక్కడ చమత్కారాలూ ఉన్నాయి. ఇంగ్లండులో గుర్రాలు తినే ఓట్లు స్కాట్లండులో మనుషుల ఆహారమని వ్రాశాడు. ఆయన లేఖకులలో ఎక్కువమంది స్కాట్లండు వారే కావడం విశేషం. రాజభరణం అనే పదానికి, దేశద్రోహానికి కిరాయివాళ్లకిచ్చే కూలి అన్నట్లు అర్థం చెప్పాడు.

కీర్తి వచ్చింది గాని కూడు రాలేదు. ఒప్పుకొన్న సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది. నిఘంటువు వెలువడిన మరుసటి ఏడే, ఆరు పౌనులకు లోపు అప్పుకు ఆయనను నిర్బంధించారు. నవలాకారుడు రిచర్డ్‌సన్ డబ్బు పంపి విడిపించాడు. 1759లో తల్లి మరణిస్తే, అంత్యక్రియల ఖర్చుకోసం ‘రాసెలస్’ అనే కథాగ్రంథాన్ని ఒక వారం రోజుల సాయంకాలాలలో వ్రాసి ముగించాడు. 1762లో ప్రభుత్వం ఏటా 300 పౌనుల భరణం మంజూరు చేసింది. తన నిఘంటువులోని అర్థం గుర్తుకు వచ్చి జాన్సన్ కొంత తటపటాయించాడు. మిత్రులు నచ్చజెప్పిన తరువాత స్వీకరించాడు.

యౌవనంలో జరిగిన ఒక సంఘటన ఆయనను జీవితాంతం బాధించింది. తండ్రి ఒకనాడు జబ్బుతో ఉండి, యుటాక్సిటర్ సంతలో పుస్తకాల దుకాణం చూడమని అడిగితే, నామోషీపడి వెళ్లలేదు. సుమారు యాభై ఏళ్ల తరువాత, దేశమంతా పేరెరిగిన ఆ వృద్ధుడు అదే సంతకు వెళ్లి, తండ్రి దుకాణం ఉండిన చోట, టోపీ తీసివేసి వానలో చాలాసేపు నిలబడ్డాడు.

1784 డిసెంబరు 13న జాన్సన్ లండనులో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఆయనను సమాధి చేశారు. జమైకాలో బానిసగా పుట్టి, ఎలిజబెత్ పోయిన కొద్ది రోజులకు ఆ ఇంట చేరి, కడదాకా తోడున్న ఫ్రాన్సిస్ బార్బర్‌కు తన ఆస్తిలో అధికభాగాన్ని వ్రాసి ఇచ్చాడు. ఆయన పోయిన సరిగా నూరేళ్లకు, 1884లో, ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు భాగాలుగా వెలువడడం మొదలైంది. దాని సంపాదకులు జాన్సన్ నిర్వచనాలను ఎన్నింటినో ఉన్నవి ఉన్నట్లుగా గ్రహించి, వాటి పక్కన ఆయన పేరులోని మొదటి అక్షరాన్ని ముద్రించారు.