డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మందు లేక మరణించడం ఒక దుఃఖం. మందు ఉండి కూడ అందక మరణించడం అంతకు మించిన దుఃఖం. మొదటి దుఃఖాన్ని తొలగించడానికి తన ఆయువునంతా ధారపోసిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పి క్రుంగిపోయే విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి ఆగ్రహం కలిగించింది. తత్ఫలితంగా పూర్తి పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో అకాల మరణం చెందడం ఆయన హృదయంలో మానని గాయమైంది.

మామగారి సహాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతో ఆయన అమెరికా చేరారు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ, పగలు హార్వర్డులో చదివారు. ఫిస్కే పండితునితో కలిసి 1925లో శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల రహస్యాన్ని వెల్లడించడంలోను ఆయన పాత్ర గొప్పది. 1930లో పి.హెచ్.డి. పొందినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1946 వరకు భారతీయులకు ఆ దేశంలో పౌరసత్వం పొందే హక్కు సైతం లేదు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. సోదరుని బలిగొన్న వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడ ఆ బృందం కృషి ఫలమే. కణాలు వృద్ధి చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలిన మారు పదార్థాన్ని అందిస్తే క్యాన్సరు కణం మోసపోయి వృద్ధి ఆగుతుంది. ఇట్లు తయారైన అమినాప్టెరిన్‌ను బోస్టనులో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఆ ఆగస్టులోనే 53వ ఏట సుబ్బారావు కన్నుమూశారు.

మొదటి దుఃఖం కొంత తీరింది, రెండవది తీరలేదు. సంపన్న దేశాలలో క్యాన్సరు సోకిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రతుకుతుండగా, అనేక పేద దేశాలలో 30 మంది కూడ దక్కడం లేదు. ఆయన కృషి చేసిన అమెరికాలోనే ప్రోస్టేటు క్యాన్సరు వల్ల నల్లజాతి పురుషులు తెల్లవారికంటె సుమారు రెండింతలు మరణిస్తున్నారు. వంశగుణాలకు కొంత పాత్ర ఉండవచ్చు గాని, ఆలస్యంగా గుర్తించడం, ధనలేమి, దూరాభారం అందులో పెద్ద పాలు పంచుకుంటున్నాయి. మన సింగరాయకొండ పరిసరాల మిరప కూలీకి గుంటూరో, చెన్నయ్యో వెళ్ళడమంటే దారిఖర్చుతోపాటు దినకూలీ కూడ నష్టమే. భయంతోనో, సిగ్గుతోనో వ్యాధిని దాచేవారూ మన ఇళ్ళలో కలరు.

విద్యార్థులారా! అందరూ సుబ్బారావు వలె శాస్త్రవేత్తలు కాలేకపోవచ్చు. కాని మూత్రం కష్టమైనా పైకి చెప్పని తాతగారిని, జ్వరం విడవక పాలిపోయిన పసివాణ్ణి సకాలంలో వైద్యుని వద్దకు చేర్చడం మీకు సాధ్యమే. ఆ మహనీయుడు మిగిల్చి వెళ్ళిన పనిలో మన వంతు అదేనని మా విశ్వాసం.