శ్రామిక బాంధవుడు వి.వి. గిరి

హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే రహదారిపై ఉన్న జహీరాబాదు చెరకు పంటకు పేరుపొందిన ప్రాంతం. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వాహనాల కర్మాగారం, తరువాతి కాలంలో ట్రాక్టర్ల కర్మాగారం వెలసి దానికి పారిశ్రామిక పట్టణ స్వరూపాన్ని తెచ్చాయి. కర్మాగారం ఉన్న ప్రతిచోటా యాజమాన్యం, కార్మిక సంఘం అనే రెండు పక్షాలుంటాయి. వేతనాల విషయంలోనో, పనిగంటల విషయంలోనో వాటి మధ్య వివాదం తలెత్తితే తీర్చవలసినది ఎవరు? న్యాయస్థానమా, ప్రభుత్వమా, లేక ఆ ఇరుపక్షాలేనా? ఈ ప్రశ్నకు సమాధానం అన్వేషించడంలో జీవితంలో అధికభాగం గడిపిన మహనీయుడు వరాహగిరి వేంకటగిరి.

గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరుగన్న న్యాయవాది. న్యాయశాస్త్రం అభ్యసించడానికి గిరి 1913లో ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. ఆ ఏడాదే అక్కడి యజమానులు, కార్మిక సంఘాన్ని విడిచిపెడతామని సంతకం చేయనివారికి పని లేదని ప్రకటించారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పస్తులుండి, చివరకు ఆకలికి తాళలేక లొంగిపోయారు. సంఘటితశక్తి విలువను, దాని పరిమితులను గిరికి నేర్పిన తొలి పాఠశాల ఆ నగరమే. ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానం వల్ల ఆయన 1916లో స్వదేశానికి తిరిగి రావలసివచ్చింది.

కొంతకాలం న్యాయవాదిగా పనిచేసి, గాంధీజీ పిలుపునందుకొని వృత్తిని త్యజించి గిరి జైలుకు వెళ్ళారు. అనంతరం రైల్వే కార్మికులను సంఘటితపరచడానికి పూనుకొని, అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో ఒకరై, దానికి ప్రధాన కార్యదర్శిగా దీర్ఘకాలం సేవలందించారు. 1920ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఆయన నడిపిన అహింసాయుత సమ్మె యాజమాన్యాన్ని దిగివచ్చేలా చేసింది. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం సంఘాలకు రిజిస్ట్రేషను, కొంత రక్షణ కల్పించినా, వాటిని గుర్తించి చర్చలు జరపవలసిన బాధ్యతను యజమానులపై మోపలేదు. అందువల్ల మాట్లాడే హక్కు కోసమే అనేక సమ్మెలు చేయవలసివచ్చింది.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖామాత్యులైన గిరి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. అప్పటికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అమలులో ఉంది. వివాదాన్ని ప్రభుత్వం ట్రిబ్యునలుకు అప్పగిస్తే, దాని తీర్పు ఉభయులకూ శిరోధార్యం. ఈ నిర్బంధ పద్ధతి ఇరుపక్షాలనూ పరాధీనులను చేస్తుందని గిరి భావించారు. తీర్పు వచ్చేదాకా యజమాని కదలడు, తమ బలం పెంచుకోవాలన్న తపన సంఘానికి ఉండదు. ముఖాముఖి చర్చలు, అవి ఫలించకపోతే ఉభయుల అంగీకారంతో మధ్యవర్తిత్వం, చిట్టచివరి మార్గంగానే తీర్పు ఉండాలని ఆయన ప్రతిపాదించారు. అదే గిరి విధానంగా ప్రసిద్ధి పొందింది. అయితే యజమానులే కాక, బలహీనమైన సంఘాలు సైతం ట్రిబ్యునళ్ళ అండను వదులుకోవడానికి జంకాయి. ఆ విధానం చట్టరూపం దాల్చలేదు.

తీర్పుల పద్ధతిని విమర్శించిన గిరియే, వెలువడిన తీర్పు గౌరవం కోసం పదవిని త్యాగం చేయడం గమనార్హం. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై అప్పిలేటు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో కేంద్రప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ఉభయపక్షాలూ కట్టుబడవలసిన తీర్పును ప్రభుత్వమే మార్చితే ఆ వ్యవస్థపై విశ్వాసం నిలవదు. ఈ కారణంగా గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. అటుపై నియమితమైన గజేంద్రగడ్కర్ సంఘం సిఫారసులకు 1955లో పార్లమెంటు చట్టబద్ధత కల్పించింది.

తరువాత గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా పనిచేసి, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా దేశానికి సేవలందించిన గిరిని 1975లో భారతరత్న పురస్కారం వరించింది. 1980 జూన్‌లో మద్రాసులో ఆయన కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఆయన పేరును ధరించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, 51 శాతం కార్మికుల మద్దతు గల సంఘంతో యాజమాన్యం చర్చలు జరిపే ఏర్పాటు చేసింది. చట్టం ఇరుపక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టగలదు. ఆ కూర్చున్నచోట పరస్పర విశ్వాసంతో మాట్లాడుకోవడం మాత్రం వారి చేతిలోనే ఉంటుంది. గిరి జీవితం అందించే సందేశమిదే.