వేలిముద్రకు విలువ తెచ్చిన హెర్షెల్

తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో నివసించే భిలాయి ఉక్కునగరంలోని ఖుర్సీపార్‌లో ఆధార్ చెల్లింపుతో బ్యాంకు సొమ్ము తీసుకోవాలంటే యంత్రంపై వేలు ఉంచాలి. ఆ ముద్ర గుప్తసంకేతాలుగా మారి ఆధార్ కేంద్రానికి చేరుతుంది. అక్కడి నమూనాతో సరిపోలితేనే లావాదేవీ పూర్తవుతుంది. చేతిముద్రతో ఒప్పందానికి తాళం వేసే ఈ యోచనకు మన దేశంలో నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ప్రధాన పాత్రధారి విలియం జేమ్స్ హెర్షెల్.

ఆయన 1833లో ఇంగ్లండ్‌లో జన్మించారు. యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్‌కు మనుమడు. తాత, తండ్రి నక్షత్రాలను పరిశీలించగా, బెంగాల్‌లో కొలువు చేసిన ఈయన దృష్టి మనిషి అరచేతిపై నిలిచింది.

1858 జూలైలో జంగీపూర్‌లో రహదారి కంకర సరఫరాకు రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారుతో ఒడంబడిక కుదిరింది. కచేరీ ముద్రల సిరాను కోనాయ్ కుడిచేతికి పూయించి, హెర్షెల్ పత్రం వెనుక అద్దించారు. సంతకం తనది కాదని అతడు తరువాత బొంకకుండా బెదురు పుట్టించడమే ఉద్దేశం. ఇందులో శాస్త్రం కన్న అపనమ్మకమే ఎక్కువ.

కుతూహలం మాత్రం అక్కడితో ఆగలేదు. మిత్రుల ముద్రలు, తన ముద్రలు ఏళ్ల తరబడి సేకరించి, గీతలు మారవని గ్రహించారు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా దస్తావేజుల రిజిస్ట్రేషనులో, పింఛన్ల చెల్లింపులో, కారాగారంలో వేలిముద్రలు ప్రవేశపెట్టారు. మరణించిన వారి పేరిట పింఛను కాజేయడం, ఒకరి శిక్షను మరొకరు అనుభవించడం దీనితో కష్టమయ్యాయి. పద్ధతిని విస్తరింపజేయాలన్న ఆయన ప్రతిపాదనకు పైఅధికారుల ఆదరణ దక్కలేదు. 1878లో స్వదేశానికి మరలారు.

1880లో జపాన్‌లోని వైద్యుడు హెన్రీ ఫాల్డ్స్ వేలిముద్రలపై నేచర్ పత్రికలో లేఖ ప్రచురించడంతో, ఘనత ఎవరిదన్న వివాదం రేగి దశాబ్దాలు సాగింది. హెర్షెల్ తన సేకరణను ఫ్రాన్సిస్ గాల్టన్‌కు అప్పగించారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసినప్పుడు వర్గీకరణకు శ్రమించిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల పేర్లు చాలాకాలం మరుగునే ఉండిపోయాయి. పద్ధతికి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరే స్థిరపడింది.

కలం పట్టిన హెర్షెల్ వేళ్ల గీతలు అర్ధశతాబ్దం దాటినా చెదరలేదు. ఇనుము, ఇటుక మోసి అరిగిన కూలివారి వేళ్లను నేటి యంత్రం ఒక్కొక్కప్పుడు గుర్తించదు. సంకేతపదం బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము.

1916లో వేలిముద్రల పుట్టుకపై వెలువరించిన పుస్తకంలో కోనాయ్ చేతిముద్రను హెర్షెల్ అచ్చువేయించారు. మరుసటి ఏడు అక్టోబరు 24న కన్నుమూశారు.