గోల్కొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా

గతించిన జాతుల గాథలను దివ్య ఖుర్ఆన్ పదేపదే జ్ఞప్తికి దెచ్చును. ఆద్, సమూద్ జాతుల వృత్తాంతములు, ఫిరౌను పతనము కాలక్షేపమునకు చెప్పిన కథలు గావు. పూర్వుల పర్యవసానమును చూచి తమ నడవడిని దిద్దుకొనవలెనని మానవులకు చేసిన హెచ్చరికలవి. అట్టి గుణపాఠమునకై మనము దూరదేశముల కేగ నక్కరలేదు. మన తెలుగునేలపైననే గోల్కొండ శిథిలములున్నవి. మన ఉత్తర కోస్తా సైతము ఒకనాడు ఆ రాజ్యమునకు లోబడినదే. శ్రీకాకుళమున 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికిని అందులకు సాక్షిగా నిలిచియున్నది. ఆ రాజ్యమును కడపట నేలిన అబుల్ హసన్ కుతుబ్‌షా జీవితమును మా విద్యార్థుల ముందుంచ దలచితిమి.

1518 ప్రాంతమున సుల్తాన్ కులీ స్థాపించిన కుతుబ్‌షాహీ వంశము తెలుగువారిని పరాయివారిగా చూడలేదు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఇబ్రహీం కుతుబ్‌షాకే అంకితమొసగెను. ఆ వంశబంధువైన అబుల్ హసన్ యౌవనము రాజభోగములలో గాక, సూఫీ గురువైన షారాజు సన్నిధిలో గడచెను. అబ్దుల్లా కుతుబ్‌షాకు పుత్రసంతానము లేదు. ఆయన కుమార్తెను వివాహమాడిన అబుల్ హసన్ 1672లో సింహాసనమెక్కెను. తెలుగువారి నోట ఆయన తానీషా అయ్యెను.

ఆయన రాజ్యభారమును మాదన్నకు, అతని సోదరుడు అక్కన్నకు అప్పగించెను. 1677లో శివాజీ గోల్కొండకు వచ్చినపుడు ఆదరించి సంధి చేసికొనెను. కూచిపూడి గ్రామమును భాగవతులకు అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. భద్రాచల రామదాసు కథలో ఆయన పేరు ఎరుగని తెలుగు బిడ్డ లేడు. అయినను ఆ ఏలుబడి నిర్దోషమైనది కాదు. శిస్తు వసూలు హక్కును వేలమున నిచ్చు పద్ధతి రైతును పీడించెను. దర్బారున ప్రభువుల నడుమ ఈర్ష్య పెరుగుచుండెను. సుల్తాను సౌమ్యుడే గాని, తన యింటి విభేదములను అణచగల దార్ఢ్యము ఆయనకు కొరవడెను.

ఆ లోపము పర్యవసానము 1685లో బయటపడెను. మొగల్ సైన్యము దండెత్తగా సేనాని మహమ్మద్ ఇబ్రహీం శత్రుపక్షమున చేరెను. సుల్తాను హైదరాబాదును విడిచి కోటలో తలదాచుకొనెను. 1686లో అక్కన్న మాదన్నలను గోల్కొండ వీధిలోనే స్వపక్షమువారు హత్యచేసిరి. మంత్రులను బలియిచ్చిన మాత్రమున రాజ్యము నిలుచునని భావించినవారి ఆశ ఫలింపలేదు. మరుసటి సంవత్సరమే ఔరంగజేబు స్వయముగా కోటను ముట్టడించెను.

తోటి ముస్లిం రాజ్యములపై ఈ యుద్ధము ధర్మసమ్మతము కాదని మొగల్ దర్బారు కాజీ షేఖ్-ఉల్-ఇస్లాం అభిప్రాయపడి పదవిని వీడెను. ముట్టడి సుమారు 8 నెలలు సాగెను. వర్షములు, క్షామము, వ్యాధులు ముట్టడించినవారినే కృంగదీసెను. ఫిరంగులకు లొంగని కోట బంగారమునకు లొంగెను. 1687 సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అను సర్దారు లంచమునకాశించి ద్వారము తెరచెను. అదే కోటలో అబ్దుర్ రజాక్ లారీ అను మరియొక సర్దారు ఆ ధనమును తృణీకరించి, ఒడలెల్ల గాయములై పడిపోవువరకు పోరాడెను.

సుల్తాను అంతఃపురమును ఓదార్చి, తనను బంధింప వచ్చినవారిని మర్యాదతో పలుకరించి, నిత్యమువలెనే భోజనము ముగించి బయలుదేరెనట. దౌలతాబాదు కోటలో సుమారు 12 ఏండ్లు బందీగా గడపి అక్కడనే కన్నుమూసెను.

తరగతిలో ఈ కథ చెప్పునపుడు మమ్ము విద్యార్థులడుగు ప్రశ్న యొకటి కలదు. తానీషా ఓటమి ఆయన పాపమునకు దైవశిక్షయా? అట్లు చెప్పుటకు మాకు నోరు రాదు. గెలుపును పుణ్యమునకును, ఓటమిని పాపమునకును కొలబద్దగా తీసికొన్నచో కర్బలా మైదానమున ఎవరిని నిందింపవలసి వచ్చును? వ్యక్తుల అంతరంగము నెరిగినవాడు అల్లాహ్ మాత్రమే. మనము చూడదగినది జాతుల నడవడి. గోల్కొండ గోడలు శత్రువు బలమునకు కూలలేదు. తనవారి ప్రాణములను తానే తీసిన నాడు, విశ్వాసమునకు ధర కట్టిన నాడు అది లోపలనే కూలిపోయినది. మంత్రులు హిందువులగుటచే రాజ్యము చెడినదని కొందరనుట కద్దు. మంత్రులను చంపినవారును, శత్రువుతో చేరినవారును, ద్వారము తెరచినవారును ఎవరో చూచిన పిదప ఆ మాట నిలువదు.

గెలిచినవాని కథయు ఇచ్చట ముగియలేదు. దక్కను యుద్ధములలోనే శేషజీవితమును వెచ్చించి ఔరంగజేబు 1707లో మరణించెను. ఆయన వెనుక ఆ మహాసామ్రాజ్యము త్వరలోనే శిథిలమయ్యెను. గెలుపు సైతము పరీక్షయే.

గోల్కొండ సమాధుల తోటలో కడపటి సుల్తానుకు చోటు దొరకలేదు. దౌలతాబాదు సమీపమున ఖుల్దాబాదులో ఆయనను ఖననము చేసిరి. ఔరంగజేబు సమాధియు ఆ చిన్న పట్టణముననే యున్నది. జయించినవాడును, జయింపబడినవాడును ఒకే ఊరి మట్టిలో తీర్పు దినమునకై వేచియున్నారు.

విద్యార్థులారా! మీకు కోటలు లేకపోవచ్చును. కాని కాపాడవలసిన ద్వారము ప్రతివానికి నొకటి యుండును. రేపు మీలో కొందరు రేవులోనో, ఉక్కు కర్మాగారములోనో, ప్రభుత్వ కార్యాలయములోనో బాధ్యతలు వహింతురు. అప్పుడొక రాత్రి ఎవడో బంగారముతో వచ్చి మీ ద్వారము తట్టును. ఆ క్షణమున పన్నీని, లారీని తలచుకొనుడు.