మూర్ఛరోగిని మాట్లాడనిచ్చిన వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్

మూర్ఛరోగం చాలా పాత రోగం. ప్రాచీన గ్రీకులు దానిని దేవతలు పంపిన పవిత్రరోగమని పిలిచారు. అది కూడా ఇతర రోగాలవంటిదే, మెదడులో పుట్టేదేనని క్రీస్తు పూర్వం సుమారు 400 ఏళ్ళనాడే హిప్పోక్రాటీసు సంప్రదాయానికి చెందిన వైద్యులు వ్రాసిపెట్టారు. అయినా లోకం చాలాకాలం వారి మాట చెవిన పెట్టలేదు. ఆ మాట ఎంత నిజమో సజీవుడైన రోగి మెదడుమీదనే చూపించినవారిలో ముఖ్యుడు కెనడా దేశపు శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్. ఆయన జీవితాన్ని ఈ వారం పాఠకులకు పరిచయం చేస్తున్నాను.

పెన్‌ఫీల్డ్ 1891 జనవరి 26న అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వైద్యుడే గాని ఆయన వైద్యవృత్తి సాగలేదు. వైల్డర్‌కు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తల్లి పిల్లలను తీసుకుని విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్ అనే తన పుట్టింటి ఊరికి చేరింది. దైవభక్తీ పట్టుదలా గల ఆ తల్లే కుమారునికి ఆక్స్‌ఫర్డ్‌లో చదివేందుకు ఇచ్చే రోడ్స్ విద్యార్థి వేతనం సంగతి చెప్పి, చిన్ననాటనే గురి చూపించింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1913లో పట్టా పుచ్చుకున్న వైల్డర్ ఆ వేతనం సంపాదించి, 1915లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు. అక్కడ నాడీమండల శాస్త్రంలో మహా పండితుడైన షెరింగ్టన్, రోగిని ప్రేమించడం నేర్పిన విలియం ఆస్లర్ ఆయనకు గురువులయ్యారు.

1916 మార్చిలో ఆయన ఇంగ్లీషు ఛానల్ దాటుతుండగా, సస్సెక్స్ అనే ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. కాలికి దెబ్బ తగిలినా ప్రాణం దక్కింది. ఆస్లర్ ఇంట్లోనే ఉండి కోలుకున్నాడు. ప్రాణంతో మిగిలినందుకు తాను లోకంలో చేయవలసిన పని ఏదో ఉన్నదనే నమ్మకం ఆయనలో గట్టిపడింది. 1918లో జాన్స్ హాప్కిన్స్‌లో వైద్యపట్టా పొందాడు. అంతటితో చదువు చాలించలేదు. 1924లో స్పెయిన్ వెళ్ళి రియో హొర్తేగా వద్ద మెదడు కణాలకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసే విద్య నేర్చాడు. 1928లో బ్రెస్లావు నగరంలో ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అనే వైద్యునివద్ద కొన్ని నెలలు గడిపాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తలకు గాయాలైన సైనికులలో కొందరికి, గాయం మానిన చోట మచ్చ ఏర్పడి మూర్ఛలు వచ్చేవి. ఫోర్‌స్టర్ వారిని మెలకువగానే ఉంచి ఆ మచ్చను తీసివేస్తున్నాడు. పెన్‌ఫీల్డ్ ఆ పద్ధతి నేర్చుకుని అదే సంవత్సరం మాంట్రియల్ నగరానికి వచ్చి స్థిరపడ్డాడు.

వచ్చిన కొద్దినెలలకే పెద్ద పరీక్ష ఎదురైంది. ఆయన అక్క రూత్‌కు చిన్ననాటినుంచి మూర్ఛలు ఉండేవి. ఆరుగురు బిడ్డల తల్లి అయిన ఆమెకు 1928లో అవి ముదిరి, తలనొప్పులు భరించలేనంత అయ్యాయి. తమ్ముడు పరీక్షించి చూస్తే మెదడులో కంతి ఉన్నట్లు తేలింది. సొంత అక్క తలను తానే తెరవవచ్చునా? ఆ దేశంలో అంతటి అనుభవం గలవారు అప్పట్లో అరుదు. ఆ డిసెంబరులో తన సహచరుడు విలియం కోన్‌ను తోడు ఉంచుకుని ఆయనే శస్త్రచికిత్స చేశాడు. ఆమె మెలకువగానే ఉంది. కంతి కుడివైపు ముందరి మెదడంతా అల్లుకుపోయింది. తీయగలిగినంత తీశాడు గాని, మొత్తం తీయడం సాధ్యపడలేదు. రూత్ ఇంటికి తిరిగి వెళ్ళి బిడ్డలను చూసుకోగలిగింది. మాట, మర్యాద, ప్రేమ ఏదీ తగ్గలేదు. కాని అతిథికి విందు సిద్ధం చేయవలసివస్తే ఏ పని ముందో ఏది వెనుకో తోచక తికమకపడేది. కంతి మళ్ళీ పెరిగి 1931లో ఆమె కన్నుమూసింది. ఆ తమ్ముడు తన దుఃఖాన్ని దాచుకోలేదు. అక్క మెదడు తనకు నేర్పిన పాఠాన్ని ఇతర వైద్యులకు ఉపయోగపడేట్లు శాస్త్రపత్రికలో ప్రకటించాడు. శస్త్రవైద్యులు, నరాల వైద్యులు, పరిశోధకులు ఒకే కప్పుకింద పనిచేసే సంస్థ కావాలనే ఆయన సంకల్పం ఆ దుఃఖంలోనే బలపడింది. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పన్నెండు లక్షల డాలర్లకు పైగా ఇవ్వగా, మాంట్రియల్ నగరమూ క్వెబెక్ ప్రభుత్వమూ ఏటేటా ఖర్చులు భరించేందుకు ఒప్పుకోగా, 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. 1960 వరకు ఆయనే దానికి అధిపతి.

ఆయన పద్ధతి ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. మెదడుకు నొప్పి తెలియదు. తలపై చర్మానికి మత్తుసూది వేస్తే చాలు, రోగి మెలకువగా ఉండి మాట్లాడుతూనే ఉంటాడు. పుర్రె తెరిచి, మెదడుమీద ఒక్కొక్క చోటును సన్నని విద్యుత్ ప్రవాహంతో తాకేవారు. ఒకచోట తాకితే బొటనవేలు జివ్వుమనేది. మరొకచోట తాకితే చేయి కదిలేది. ఇంకొకచోట మాట ఆగిపోయేది. ప్రతి చోటా చిన్న అంకె కాగితం పెట్టి, రోగి చెప్పింది వ్రాసుకునేవారు. చాలామందికి మూర్ఛ రాబోయే ముందు ఏదో వాసనో, భయమో, కడుపులో తిప్పినట్లో ఒక సూచన కలుగుతుంది. ఏ చోట తాకితే ఆ సూచనే తిరిగి వస్తుందో, రోగం పుట్టే చోటు అక్కడే ఉండవచ్చునని గ్రహించేవారు. మాటకు, కదలికకు అవసరమైన భాగాలను తప్పించి ఆ దెబ్బతిన్న భాగాన్ని తీసివేసేవారు. 1938 నుంచి హెర్బర్ట్ జాస్పర్ మెదడులోని విద్యుత్తును నమోదుచేసే ఇ.ఇ.జి. యంత్రంతో ఆయనకు తోడయ్యాడు. ఇలా రోగుల నోటిమాట ఆధారంగానే ఏ అవయవాన్ని మెదడులో ఏ చోటు నడిపిస్తుందో చూపే పటం తయారైంది. ఈనాటికీ వైద్యవిద్యార్థులు ఆ పటాన్నే మొదట చూస్తారు.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అంతకుముందు వేల ఏళ్ళుగా మూర్ఛరోగిని చూసి లోకం భయపడింది, పారిపోయింది, కట్టివేసింది. అతనిని అడిగినవారు తక్కువ. పెన్‌ఫీల్డ్ బల్లమీద ఆ రోగే సాక్షి, రోగే సహాయకుడు. అతడు నోరు విప్పకపోతే వైద్యుడు కత్తి పెట్టలేడు.

ఈ చికిత్స వల్ల అందరికీ నయం కాలేదు. మెదడు పక్కభాగం తీసివేసిన ఇద్దరు రోగులకు కొత్త సంగతులేవీ జ్ఞాపకం నిలవకుండా పోయాయి. పెన్‌ఫీల్డ్ ఆ నష్టాన్ని కప్పిపుచ్చలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్‌తో కలిసి దానిని పరిశీలించి 1950లలో లోకానికి ప్రకటించాడు. జ్ఞాపకశక్తి మెదడులో ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడానికి అదే దారి తీసింది. కొందరు రోగులు విద్యుత్తు తాకినప్పుడు పాత పాటలు, పరిచితుల గొంతులు విన్నట్లు చెప్పారు. అందుచేత మనిషి అనుభవమంతా మెదడులో చెరగకుండా దాగి ఉంటుందని ఆయన భావించాడు. అయితే పరీక్షించిన 520 మందిలో అలా చెప్పినవారు 40 మందే. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ భావనను పూర్తిగా అంగీకరించలేదు.

జీవితాంతంలో ఆయనను వదలనిది ఒక తాత్విక ప్రశ్న. విద్యుత్తు తాకి చేయి కదిలినప్పుడు, కదిపింది తాను కాదని, డాక్టరేనని రోగి చెప్పేవాడు. రోగి చేత ఒక నిర్ణయం తీసుకునేట్లు గాని, ఒకదానిని నమ్మేట్లు గాని చేయగల చోటు ఆయనకు దొరకలేదు. అందువల్ల మనస్సును కేవలం మెదడు పనిగా చెప్పలేమని 1975లో, తన 84వ ఏట, ఒక గ్రంథంలో వ్రాశాడు. చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. ఆత్మ ఉన్నదని ఒక విద్యుత్ తీగతో రుజువైందని మనమూ సంబరపడనక్కరలేదు. పునీత తోమాసు అక్వినాసు ప్రకారం ఆత్మ శరీరమనే పడవలో కూర్చున్న నావికునివంటిది కాదు, శరీరానికి జీవమూ రూపమూ ఇచ్చేది. కనుక మెదడుకు గాయమైతే మనిషికే గాయమైనట్లు. అయినా ఆ మనిషి విలువ రవ్వంత కూడా తరగదు. రూత్ విందు వంటకు వరుస మరచింది గాని, బిడ్డల తల్లిగానే బ్రతికింది.

పెన్‌ఫీల్డ్ 1976 ఏప్రిల్ 5న మాంట్రియల్‌లో కన్నుమూశాడు. ఆయన విద్య మనకు దూరంగా ఉండిపోలేదు. ఆయన సంస్థలో శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాండీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశంలోనే తొలి మెదడు శస్త్రచికిత్సా విభాగాన్ని ప్రారంభించాడు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే వేలూరే గదా!

చట్టాలు కూడా నెమ్మదిగా కళ్ళు తెరిచాయి. 1917 నాటి శ్రీసభ చట్టసంపుటిలోని 984వ సూత్రం మూర్ఛరోగులను మతిభ్రమించినవారితో, దయ్యం పట్టినవారితో ఒకే వరుసలో చేర్చి గురుపట్టానికి అనర్హులుగా లెక్కించింది. 1983 నాటి కొత్త చట్టసంపుటి మూర్ఛను ఆ జాబితానుంచి తొలగించింది. హిందూ వివాహచట్టంలో 1976లో చేరిన మూర్ఛ అనే మాటను 1999లో తీసివేశారు. చట్టం మారినా మన నాలుక మారిందా? ఆడపిల్లకు ఫిట్స్ అని తెలిస్తే సంబంధం వెనక్కు పోతుందని తల్లిదండ్రులు మాత్రలు దాచిపెట్టి ఇస్తారు, లేదా అసలు మాన్పిస్తారు. గాలి సోకిందని ఒకరు, దయ్యమని మరొకరు అంటారు. వ్యాధి వేరు, దయ్యం వేరు, వ్యాధిని వైద్యునికే అప్పగించాలని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగా బోధిస్తున్నది. మార్కు సువార్త 9వ అధ్యాయంలో నురుగు కక్కుతూ పడిపోయే బాలుని గురించి ప్రభువు మొదట తండ్రిని ప్రశ్న అడిగి వివరం తెలుసుకున్నాడు. చివరకు ఆ బిడ్డను చేయిపట్టి లేవనెత్తాడు.

సరిగా మందులు వాడితే మూర్ఛరోగులలో పదిమందికి ఏడుగురు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాబట్టి మీ వీధిలో ఎవరైనా పడిపోతే తాళం చెవుల గుత్తి వెతకవద్దు. నోటిలో చెంచాగాని, గుడ్డగాని పెట్టవద్దు. అదిమి పట్టవద్దు. తలకింద మెత్తని గుడ్డ ఉంచి, కుదుపులు తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చండి. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపనివ్వవద్దు. తెలివి వచ్చాక చుట్టూ గుమిగూడి చూడక, పక్కన కూర్చుని పేరు పెట్టి పలకరించండి. ఏమనిపించిందో అతనినే అడగండి.