షెల్లీ మాన్

షెల్లీ మాన్ (అక్టోబరు 15, 1937 - మార్చి 24, 2005) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ ఈత క్రీడాకారిణి. ఒలింపిక్ క్రీడలలో మహిళల సీతాకోకచిలుక ఈత (బటర్‌ఫ్లై) పోటీని మొట్టమొదట 1956లో మెల్బోర్న్‌లో నిర్వహించారు. ఆ తొలి స్వర్ణపతకము ఈమెకే దక్కింది.

బాల్యము

న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించిన షెల్లీ, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో పెరిగింది. ఆరేళ్ళ వయసులో ఆమెకు పోలియో సోకింది. అప్పటికి ఈ వ్యాధికి టీకా లేదు. జోనాస్ సాల్క్ రూపొందించిన టీకా 1955లో గాని అందుబాటులోకి రాలేదు. నీరు శరీరపు బరువును మోయును గనుక, నేలపై కదలని అవయవాలు సైతం నీటిలో కొంత సులువుగా కదులుతాయి. షెల్లీ ఈతకు దిగినది పోయిన బలాన్ని తిరిగి కూడగట్టుకొనడానికే గాని పతకాల కొరకు కాదు. అయినను పన్నెండేళ్ళకు పోటీలలో పాల్గొనసాగింది, పద్నాలుగేళ్ళకు జాతీయ విజేత అయింది. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాల ఈతకొలనులో స్టాన్ టింకమ్ ఆమెకు శిక్షణ ఇచ్చాడు.

సీతాకోకచిలుక ఈత

ఇందులో రెండు చేతులను ఒకేసారి నీటిపైకి లేపి ముందుకు విసరాలి. రెండు కాళ్ళను జతచేసి డాల్ఫిన్ తోకవలె ఆడించాలి. ఈతలన్నిటిలోకి ఎక్కువ శ్రమతో కూడినది ఇదే. కండరాలు దెబ్బతిన్న బాలిక ఈ పద్ధతిలోనే రాణించడం విశేషం. 1952 హెల్సింకి క్రీడల వరకు ఈ చేతివిసురు బ్రెస్ట్‌స్ట్రోక్ పోటీలలోనే అనుమతించబడేది. తరువాత రెండింటినీ వేరుచేశారు. షెల్లీ క్రీడాజీవితం సరిగ్గా ఈ మార్పుతోపాటే ఎదిగింది. 100, 200 మీటర్ల సీతాకోకచిలుక ఈతలు రెండింటిలోను ఆమె ప్రపంచ రికార్డులు నెలకొల్పింది.

మెల్బోర్న్ ఒలింపిక్స్

100 మీటర్లలో ఆమెకు గట్టి ప్రత్యర్థి నెదర్లాండ్స్‌కు చెందిన ఆటీ ఫోర్‌బై. కాని హంగరీలో సోవియట్ సైనిక చర్యకు నిరసనగా నెదర్లాండ్స్ ఆ క్రీడలను బహిష్కరించుటచే వారిరువురి పోటీ జరుగనే లేదు. ఇందులో షెల్లీ తప్పేమీ లేకున్నా, ఆ పోటీకి అదొక లోటే. షెల్లీ 1 నిమిషం 11.0 సెకన్లలో గమ్యం చేరింది. రజతం నాన్సీ రామీకి, కాంస్యం వాల్టర్ రీడ్ క్లబ్బుకే చెందిన మేరీ సియర్స్‌కు లభించాయి. మూడు పతకాలూ అమెరికావే. 4x100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో షెల్లీ జట్టు ఆస్ట్రేలియా వెనుక రజతం పొందింది. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆమెకు ఆరవ స్థానం దక్కింది.

1966లో అంతర్జాతీయ ఈత కీర్తిమందిరంలో ఆమెకు స్థానం లభించింది. 67వ ఏట వర్జీనియాలోని వియన్నా పట్టణంలో మరణించింది.