అనీవా దీవిలో పేటన్ దంపతులు

స్కాట్లండు దేశస్థుడైన జాన్ పేటన్ దొరగారు 1858లో భార్య మేరీతో న్యూ హెబ్రిడీసు దీవులలోని తన్నాకు వెళ్లెను. ఆ దీవులే నేటి వనువాతు. మరుసటి మార్చిలో ఆమెయు, కొలది దినములకే పసిబిడ్డయు మరణింపగా, ఆయన తన చేతులతోనే సమాధి త్రవ్వెను. 1862లో ప్రాణాపాయమువలన తన్నాను విడువవలసివచ్చెను.

1866లో ఆయన రెండవ భార్య మార్గరెట్‌తో కూడ తన్నా పొరుగుననున్న అనీవా అను చిన్న పగడపు దీవిలో దిగెను. అచ్చట ఏరు లేదు, ఊట లేదు. వాననీరే ఆధారము. దొరగారు బావి త్రవ్వబూనగా, వాన క్రిందనుండి కురియునా అని జనులు ఆయనకు మతిపోయినదనుకొనిరి. ఒకసారి ప్రక్కగోడ కూలినను ఆయన మానలేదు. సుమారు 30 అడుగుల లోతున మంచినీరు పడెను! ఇస్సాకు దాసులు జెలలుగల బావిని కనుగొనిన సంగతి ఆదికాండము 26వ అధ్యాయములో చదువుదుము గదా. తరువాత దీవివారు వేరుచోట్ల త్రవ్విరి గాని త్రాగునీరు దొరకలేదు. వృద్ధ నాయకుడైన నమకై ఆదివార ఆరాధనలో లేచి తన విగ్రహములను విడిచెదనని చెప్పెను. ఆ సాక్ష్యమే జనులను కదిలించెనని నా తలంపు.

దొరసానిగారు స్త్రీలకు కుట్టుపనియు పాటలును నేర్పిరి. ఆమె పేరు మన సంఘములలో అంతగా వినబడదు. ఆమె జాబులు చదివినగాని ఆ యింటి కష్టసుఖములు తెలియవు.

1869 అక్టోబరు 24, ఆదివారమున, పండ్రెండుగురు దీవివాసులు మొదటిసారి ప్రభురాత్రి భోజనమునకు కూర్చుండిరి. సమాధి త్రవ్విన చేతులే ఆ దినమున రొట్టె విరిచి వారికందించెను.

అనీవా భాషలో క్రొత్త నిబంధన 1899లో అచ్చయ్యెను. దొరసానిగారు 1905లోను, దొరగారు 1907లోను ఆస్ట్రేలియాలో ప్రభువునందు నిద్రించిరి.